సెక్‌లో థ్రెషోల్డ్ దాటినా అలర్ట్ రావట్లేదా? ప్యాటర్న్ జోలికి వెళ్లేముందు ఇది చూడండి

లక్షణం ఎప్పుడూ ఒకటే. సర్వర్ లాగ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్' లైన్లు వరదలా వస్తున్నాయి. 60 సెకన్లలో 5 వస్తే మెయిల్ కొట్టమని లాగ్ లైన్లు చూసి రూల్స్ ప్రకారం అలర్ట్ ఇచ్చే సింపుల్ ఈవెంట్ కోరిలేటర్‌లో, అదే మన సెక్‌లో, సింగిల్‌విత్‌థ్రెషోల్డ్ రూల్ రాసి పెట్టారు. మెయిల్ మాత్రం రాదు. ఇక రెగెక్స్ (లైన్లను గుర్తుపట్టే ప్యాటర్న్) విప్పుకుని కూర్చుంటారు, అరపూట అక్కడే పోతుంది. పెర్ల్ రెగెక్స్ తెలిసినవాళ్లే కదా మీరు, అక్కడ తప్పు ఉండే అవకాశం తక్కువ.

ముందు రెండు నిమిషాల పని. ఆ లైను అసలు మీ రూల్ దాకా వస్తోందా? కంటిన్యూ ఫీల్డ్ రాయకపోతే, ఒక రూల్‌కి మ్యాచ్ అయిన ఈవెంట్‌ని సెక్ ఆ ఫైల్లో కింద ఉన్న రూల్స్‌కి ఇవ్వదు. పైన ఎవరో ఎప్పుడో ఎస్‌ఎస్‌హెచ్ లైన్లన్నిటినీ పట్టేసే సింగిల్ రూల్ (లెక్కపెట్టకుండా ప్రతి లైనుకీ వెంటనే పనిచేసేది) ఒకటి రాసి ఉంటారు, మీ రూల్ కింద ఖాళీగా కూర్చుని ఉంటుంది. పై రూల్‌లో కంటిన్యూని టేక్‌నెక్స్ట్ చేయండి, లేదా మీ రూల్‌ని పైకి జరపండి. ఇది చూడకుండా సాయం అడగడానికి వచ్చేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

అది సరిగ్గానే ఉందా? అయితే అసలు దొంగ డిస్క్రిప్షన్ ఫీల్డ్.

పేరు చూసి అది మన కోసం రాసుకునే వివరణ అనుకుంటాం. కాదు. ఏ ఈవెంట్లను కలిపి లెక్కపెట్టాలో సెక్‌కి చెప్పేది అదే. రూల్ ఫైల్ పేరు, ఆ ఫైల్లో రూల్ నంబరు, $1, $2 లాంటి వేరియబుల్స్‌లో లైను నుంచి పట్టిన ముక్కలు నింపాక డిస్క్రిప్షన్‌లో మిగిలే అక్షరాలు, ఈ మూడూ కలిపి ఒక కీ. కీ ఒకటే అయితే ఉన్న లెక్కకి ఇంకోటి కలుస్తుంది, ఒక్క అక్షరం తేడా వచ్చినా కొత్త లెక్క 1 నుంచి మొదలవుతుంది. మనవాళ్లు ఏదో సింగిల్ రూల్ కాపీ చేసి, అందులో ఉన్న $0ని అలాగే ఉంచేస్తారు. $0 అంటే మొత్తం లైను. అందులో టైమ్ ఉంది, ప్రాసెస్ నంబరు ఉంది, పోర్ట్ ఉంది. సింగిల్ రూల్‌లో లెక్కే లేదు కాబట్టి నష్టం లేదు. థ్రెషోల్డ్ రూల్‌లో మాత్రం ప్రతి లైనుకీ సొంత లెక్క, ప్రతి లెక్కా 1 దగ్గరే ఆగుతుంది, 5 ఎప్పటికీ రాదు.

నన్ను మూడు రోజులు తిప్పింది ఇదే. ఎందుకు దొరకలేదంటే, టెస్ట్‌లో పాసైంది. ఇన్‌పుట్ దగ్గర ఫైల్ పేరు బదులు ఒక గీత (-) పెట్టి, టెర్మినల్‌లో ఒకే లైనుని ఐదుసార్లు పేస్ట్ చేశాను. ఐదూ అచ్చంగా ఒకటే కదా, $0 కూడా ఒకటే, అలర్ట్ ఠక్కున వచ్చింది. సర్వర్‌లో పెడితే మౌనం. కాబట్టి టెస్ట్ చేస్తే అసలు లాగ్ నుంచి ఐదు వేర్వేరు లైన్లు తీసుకుని చేయండి.

అనుమానం తీర్చుకోవాలంటే నడుస్తున్న సెక్‌కి యూఎస్‌ఆర్1 సిగ్నల్ పంపండి, టెంప్ డైరెక్టరీలో డంప్ ఫైల్ రాస్తుంది. అందులో నడుస్తున్న లెక్కల జాబితా ఉంటుంది. ఒకే రూల్ నంబరుతో వందల కీలు, ఒక్కోదాంట్లో ఒక్కో ఈవెంట్ కనిపిస్తే ఇక వెతకక్కర్లేదు. నంబర్లు 0 నుంచి మొదలవుతాయి, పొరపాటున పక్క రూల్‌ని తిట్టుకోకండి.

పరిష్కారం: దేని ప్రకారం గుంపు కావాలో అదొక్కటే డిస్క్రిప్షన్‌లో ఉంచండి. ప్యాటర్న్‌లో $1 యూజర్, $2 ఐపీ అనుకుంటే, "పాస్‌వర్డ్ తప్పు $2" చాలు. $1 కూడా తగిలిస్తే, ఒకే ఐపీ నుంచి రూట్, అడ్మిన్, టెస్ట్ అంటూ పేర్లు మార్చి కొట్టేవాడు మళ్లీ తప్పించుకుంటాడు. ఐపీలు మార్చుతూ ఒకే యూజర్ మీద పడేవాణ్ణీ పట్టాలంటే $1తో ఇంకో రూల్ రాయండి, మొదటిదానికి టేక్‌నెక్స్ట్ మర్చిపోకుండా.

తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం. సింగిల్‌విత్‌సప్రెస్ రూల్‌లో (మొదటి ఈవెంట్‌కి అలర్ట్ ఇచ్చి, విండో అయ్యేదాకా అదే కీతో వచ్చేవాటిని వదిలేసేది) డిస్క్రిప్షన్ "డిస్క్ నిండింది" అని, విండో 3600 సెకన్లు అని రాశాను ఒకచోట. హోస్ట్ పేరు లేదు. మొదటి సర్వర్‌కి మెయిల్ వచ్చింది, పది నిమిషాలకి డేటాబేస్ సర్వర్ డిస్క్ నిండితే దాన్ని కూడా అదే గొడవ అనుకుని సెక్ మింగేసింది. వచ్చి చెప్పింది అలర్ట్ కాదు, మేనేజర్. హోస్ట్ పెట్టినా ఒక లాగ్‌లో పొట్టి పేరు, ఇంకో లాగ్‌లో డొమైన్‌తో సహా పూర్తి పేరు వస్తే అవి రెండు కీలే, చూసుకోండి.

మిగతావి అరుదు. ఉబుంటులో లాగ్‌లు రాసే ఆర్‌సిస్‌లాగ్ ఒకే రకం లైన్లను 'మెసేజ్ రిపీటెడ్ 5 టైమ్స్' అని ఒక్క లైనుగా కుదించేస్తుంటుంది, సెక్‌కి అది ఒక్క ఈవెంటే, ఆ రిడక్షన్ ఆఫ్ చేయండి. లేని యూజర్ పేరుతో వస్తే లైనులో 'ఇన్వాలిడ్ యూజర్' అని అదనంగా పడుతుంది, ప్యాటర్న్‌లో దానికి చోటివ్వండి. పాత లాగ్‌ని మొదటి నుంచి చదివిస్తే అలర్ట్‌లు కుప్పలుగా వస్తాయి, సెక్ చూసేది లైను తన దగ్గరికి వచ్చిన సమయం, లైనులో రాసున్న టైమ్ కాదు.

మార్చాక రీలోడ్ చేయండి. హెచ్‌యూపీ సిగ్నల్ పంపితే నడుస్తున్న లెక్కలన్నీ సున్నా అయిపోతాయి. ఏబీఆర్‌టీ పంపితే మార్చిన ఫైళ్లనే మళ్లీ చదువుతుంది, మిగతా ఫైళ్ల లెక్కలు అలాగే ఉంటాయి. దాడి జరుగుతున్నప్పుడు రెండోదే పంపండి.