ఉద్యోగ వేట - 4వ పాఠం: ఆ ప్రకటన ఎక్కడ పుట్టింది?

పోయిన పాఠంలో నేనొక వాక్యం రాసి చేతులు కాల్చుకున్నాను. "జాబ్ పోర్టళ్లలో రోజుకు అరగంట వెతకండి" అన్నాను. వెతకమన్నానే గాని, కనబడిన ప్రతిదానికీ దరఖాస్తు పెట్టమనలేదు. మీరు పంపిన జాబితాలు చూశాక ఆ తేడా విడమరిచి చెప్పకపోవడం నా తప్పేనని ఒప్పుకోక తప్పలేదు. ఒకాయన 11 రోజుల్లో 140 పోస్టులకు దరఖాస్తు పెట్టి రెండంటే రెండు జవాబులు సంపాదించారు. ఆ రెండూ "మీ దరఖాస్తు మాకు అందింది" అని యంత్రం దానంతటదే పంపినవే. ఇంకొకరైతే ఒకే ఉద్యోగానికి మూడు సైట్ల నుంచి మూడుసార్లు పెట్టారు. అవి మూడు వేరువేరు ఉద్యోగాలని ఆయన నమ్మకం.

అందుకని సంస్థల గురించి ఆరా తీయడమనే పాఠం వచ్చే వారానికి వాయిదా. రెజ్యూమె, పోర్టల్‌లో ఖాతా తెరవడం వగైరాలు మీకు వచ్చు, వాటి జోలికి పోను.

మొదట ఇది గుర్తుంచుకోండి. పోర్టల్‌లో కనిపించే ప్రకటనల్లో చాలావాటి పుట్టిల్లు అది కాదు. 2004లో మొదలైన ఇండీడ్ లాంటి సైట్ల పనే కంపెనీల సొంత పేజీలను, ఇతర సైట్లను గాలించి అక్కడి ప్రకటనలను ఒకచోట పోగుచేయడం. 2017 నుంచి గూగుల్ కూడా వెతుకులాట ఫలితాల్లో ఉద్యోగాలను విడిగా చూపిస్తోంది. ఇలా పోగైనవాటిని ఇంకో సైటు ఎత్తుకుంటుంది, దాన్నుంచి మరొకటి. పోస్టు నిండి కంపెనీ తన పేజీలో ప్రకటన తీసేసినా ఈ నకళ్లు కొన్నాళ్లు బతికే ఉంటాయి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయానికి వస్తాను. ప్రకటన పైన "2 రోజుల క్రితం" అని ఉంటుందే, ఆ తేదీ. దాన్ని నమ్మి మీరంతా బోల్తా పడ్డారు.

ఒక పాఠకురాలు పంపిన ప్రకటన ఇప్పుడు నా ముందుంది. గోదాము సూపర్‌వైజర్ ఉద్యోగం. పైన ఆకుపచ్చ అక్షరాల్లో "2 రోజుల క్రితం". కింద బాధ్యతలు, అర్హతలు, అనుభవం, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. నాలుగో పేరా చివర మాత్రం "మార్చి మొదటి వారంలో విధుల్లో చేరగలగాలి" అని ఉంది. ఆవిడ దరఖాస్తు పెట్టింది జూన్‌లో. ఆ "2 రోజులు" నకలు సైటు తన దగ్గర ప్రకటన పెట్టుకున్న రోజు నుంచి లెక్క. నేను ఆ కంపెనీ సొంత పేజీకి వెళ్లి చూస్తే గోదాము సూపర్‌వైజర్ పోస్టు ఊసే లేదు. కానీ "ఇన్వెంటరీ కోఆర్డినేటర్" అని ఇంకో ఖాళీ ఉంది. పని దాదాపు అదే, ప్రకటన పెట్టి వారం కూడా కాలేదు. అదే మాటతో నాలుగు పోర్టళ్లలో వెతికాను, ఒక్కదానిలోనూ కనబడలేదు.

దీని వాతలు నాకూ ఉన్నాయి. కొత్తలో ఇలాగే ఒక ప్రకటన పట్టుకుని ఎంతో ఆశతో ఆ సంస్థకు ఫోను చేశాను. అవతలి మనిషి నవ్వాపుకోలేకపోయారు. ఆ పోస్టులో ఒకరు చేరడం, పని నచ్చక మానేసి వెళ్లిపోవడం కూడా అయిపోయాయట.

కాబట్టి ఏ ప్రకటన కనబడినా ముందు దాని పుట్టిల్లు పట్టుకోండి. కంపెనీ పేరు ఉంటే తేలిక. గూగుల్ పెట్టెలో ఇంగ్లిషులో "సైట్" అని కొట్టి, వెంటనే కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా కంపెనీ వెబ్‌సైటు చిరునామా రాయండి. ఆ తరువాత ఒక ఖాళీ ఇచ్చి "కెరీర్స్" అనో "జాబ్స్" అనో చేర్చండి. ఆ ఒక్క వెబ్‌సైటులోని పేజీలే వస్తాయి. కొన్ని కంపెనీల దరఖాస్తు పేజీలు వర్క్‌డే, గ్రీన్‌హౌస్, లెవర్ లాంటి నియామక సాఫ్ట్‌వేర్ల చిరునామాల్లో తెరుచుకుంటాయి. కంపెనీ సొంత పేజీలోని లింకు నొక్కితే అక్కడికి చేరినప్పుడు దిగులు అక్కరలేదు, అదీ పుట్టిల్లే. కంపెనీ పేరు దాచిన ప్రకటనైతే అందులోంచి వింతగా ఉన్న ఒక వాక్యం తీసుకుని, దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. అచ్చంగా ఆ వాక్యమే ఉన్న పేజీలు పైకి వస్తాయి. నియామక ఏజెన్సీలు కంపెనీ పేరు కొట్టేస్తాయి గాని, వాక్యాలు తిరగరాసే ఓపిక వాటికి ఉండదు.

నాదొక అడ్డదారి ఉంది. కంప్యూటర్‌లో ప్రకటన పేజీ తెరిచి కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కితే పేజీ వెనుక ఉన్న కోడ్ కనబడుతుంది. అందులో ఇంగ్లిషులో "డేట్‌పోస్టెడ్" అని రెండు మాటలూ కలిపి వెతకండి. గూగుల్‌లో ఉద్యోగంగా కనబడాలంటే పేజీలో ఆ తేదీ రాయాలి కాబట్టి చాలా ప్రకటనల్లో అది దొరుకుతుంది. "వేలిడ్‌త్రూ" అని ఉంటే గడువు తేదీ కూడా దొరికినట్టే. కంపెనీ సొంత పేజీలో ఈ పని చేస్తే మంచి ఆధారం. నకలు సైటులో చేస్తే మళ్లీ ఆ నకలు తేదీయే రావచ్చు. అలాగే పెద్ద సంస్థల ప్రకటనల్లో ఓ మూల రిక్విజిషన్ నంబర్, అంటే ఆ ఖాళీకి సంస్థ ఇచ్చుకున్న గుర్తింపు సంఖ్య, ఉంటుంది. రెండు సైట్లలో నంబర్ ఒకటే అయితే ఉద్యోగమూ ఒకటే. మూడుసార్లు పెట్టిన పెద్దమనిషి ఈ నంబర్ చూసి ఉంటే రెండు సాయంత్రాలు మిగిలేవి.

మరి పోర్టల్ ఎందుకు? పేర్ల కోసం. మీరు చేసే పనిని లోకం ఏయే పేర్లతో పిలుస్తోందో అక్కడ తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. గోదాము పనినే చూడండి: స్టోర్‌కీపర్, స్టోర్స్ ఇన్‌చార్జి, ఇన్వెంటరీ కోఆర్డినేటర్, స్టాక్ కంట్రోలర్, మెటీరియల్స్ అసిస్టెంట్, వేర్‌హౌస్ ఎగ్జిక్యూటివ్. పద్దులు రాసేవారికి బుక్‌కీపర్, అకౌంట్స్ అసిస్టెంట్. ఒక్క పేరుతోనే వెతికితే మిగతా పేర్ల కింద ఉన్నవన్నీ మీకు లేనట్టే. పోర్టల్‌లో దొరికే రెండో సరుకు, మీ రంగంలో మనుషులను తీసుకుంటున్న కంపెనీల జాబితా. ఈ రెండూ నోటుపుస్తకంలో ఎక్కించుకుని పోర్టల్ మూసేయండి. ఎక్సెల్ షీటు అనకండి, షీటులో రాసింది మళ్లీ తెరిచి చూసేవాళ్లను నేను చూడలేదు.

ప్రకటనగా మారకముందే ఖాళీ గురించి తెలియాలంటే మనుషులే దారి. ఇక్కడ కూడా మీరు దగ్గరివాళ్ల దగ్గరే ఆగిపోయారు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, బోస్టన్ శివారులో అప్పుడే ఉద్యోగం మారినవాళ్లను వాకబు చేసి 1973లో ఒక వ్యాసం ప్రచురించాడు. పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, కబురు చెప్పిన మనిషిని ఆ రోజుల్లో తరచుగా కలుస్తున్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవనివాళ్లు 27.8 శాతం. ఆ లెక్కలోకి వచ్చింది 54 మందే. అయినా అందులోని కారణం మీకు ఇట్టే తడుతుంది: రోజూ కలిసే స్నేహితుడి చెవిన పడేవి మీ చెవిన కూడా పడుతూనే ఉంటాయి. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, లింక్డ్‌ఇన్‌లో ఐదేళ్ల పాటు రెండు కోట్ల మందిపై జరిగిన ప్రయోగాలను పరిశీలించి దీనికి ఒక మెలిక పెట్టింది. మరీ దూరపు పరిచయం కన్నా ఓ మోస్తరు పరిచయమే ఉద్యోగం మారడానికి ఎక్కువ అక్కరకొచ్చిందని తేలింది. అంటే పాత ఆఫీసులో పక్క విభాగం మనిషి, శిక్షణలో మీతో పాటు కూర్చున్నవారు, మీకు సరుకు పంపిన కంపెనీ తరఫున ఫోనులో మాట్లాడిన మనిషి.

వాళ్లకు "ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండి" అని మాత్రం రాయవద్దు. ఎదుటివాళ్లకు అది భారం, జవాబు ఎగ్గొట్టడానికి వీలు కూడా. ఇలా అడిగి చూడండి: "మీ సంస్థలో స్టాకు లెక్కలు చూసే పనిని ఏ పేరుతో పిలుస్తారు? అలాంటి ఖాళీ వస్తే మొదట ఎక్కడ ప్రకటిస్తారు?" రెండు వాక్యాల్లో తేలిపోయే ప్రశ్న కాబట్టి జవాబు వస్తుంది. "మా నోటీసు బోర్డులో పెట్టి, వారం తరువాతే బయట పెడతారు" అన్న ఒక్క జవాబు వచ్చిందనుకోండి, ఆ వారం మీ చేతికొచ్చినట్టే.

వృత్తి సంఘాల ప్రకటనలు, ప్రభుత్వ ఉపాధి కార్యాలయాలు, చదివిన చోటి పూర్వ విద్యార్థుల బృందాలు కూడా చూడవలసినవే. వాటిలో తికమక పెట్టేది పెద్దగా ఏమీ లేదు. కంపెనీ కొత్త శాఖ తెరుస్తోందనో, పెద్ద కాంట్రాక్టు దక్కించుకుందనో వార్త చూస్తే పేరు రాసుకోండి, మనుషులు కావలసి రావచ్చు.

ఉద్యోగం ఇప్పిస్తామని మీ దగ్గర రుసుము అడిగే ఏజెన్సీని అక్కడే వదిలేయండి. ప్రైవేటు ఏజెన్సీలు పనివారి నుంచి రుసుము తీసుకోకూడదన్న నియమాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే తన 181వ ఒప్పందంలో రాసింది. రుసుము కట్టాల్సింది మనిషి కావాలనుకున్న సంస్థ.

అభ్యాసం. మీరు ఇదివరకు దరఖాస్తు పెట్టినవాటిలో 30 ప్రకటనలు తీయండి, తక్కువైతే ఒప్పుకోను. ఒక్కోదానికి పుట్టిల్లు, అసలు తేదీ, రిక్విజిషన్ నంబర్, ఆ కంపెనీ పేజీలో ఇప్పుడున్న మిగతా ఖాళీలు, ఈ నాలుగూ నోటుపుస్తకంలో రాయండి. నకలని తేలినదాన్ని ఎర్ర సిరాతో కొట్టేయండి. ఇది కాక ఓ మోస్తరు పరిచయస్థులు 12 మందికి పైన చెప్పిన రెండు ప్రశ్నలు పంపండి, ఒకే సందేశం అందరికీ అంటించకుండా. ఇవి పూర్తయ్యేదాకా కొత్త దరఖాస్తు ఒక్కటి కూడా పెట్టవద్దు. 140 పెట్టిన ఆయన మాత్రం 60 తీయాలి.