బొంత అరటిపండుతో ఫిలిప్పీన్స్ కెచప్

ముందు పండు సంగతి తేలాలి. ఫిలిప్పీన్స్‌లో బనానా కెచప్‌కి వాడేది సబా అనే కూర అరటి. పొట్టిగా, లావుగా, పలకలు తేలి ఉంటుంది. మన వైపు దానికి దగ్గరి చుట్టం బొంత అరటి. చక్కెరకేళి, అమృతపాణి లాంటివి ఇందులోకి వద్దు. వాటి తీపీ వాసనా కలిసి కెచప్ కాస్తా జామ్ అయిపోతుంది. బొంతలో పిండిపదార్థం ఎక్కువ. చిక్కదనం దాని వల్లే వస్తుంది కాబట్టి విడిగా కార్న్‌ఫ్లోర్ కలపక్కర్లేదు.

చిక్కేమిటంటే, మా రావులపాలెం వైపు కూడా బొంత పచ్చిదే అమ్ముతారు. ఎవరైనా కొనేది కూరకో బజ్జీకో కదా. పండిన బొంత కావాలంటే కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు. అందుకని ఓ అత్తం పచ్చివే తెచ్చుకుని, వరిగడ్డిలో పెట్టి, పైన గోనె కప్పి మాగబెట్టండి. తొక్క బాగా పసుపెక్కి నల్లమచ్చలు పడాలి, వేలితో నొక్కితే లోపలికి పోవాలి. తొందరపడి సగం మాగినవి తీస్తే వగరు మిగిలిపోతుంది. ఎంత పంచదార పోసినా అది పోదు.

నేను కువైట్‌లో నర్సుగా చేసిన రోజుల్లో ఫిలిప్పీన్స్‌లోని బటంగాస్ నుంచి వచ్చిన ఆవిడా నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం. నాకంటే పెద్దది, అందుకని ఆతే అని పిలిచేదాన్ని, వాళ్ల భాషలో అక్క అని. అక్కడి ఫిలిప్పీనో కిరాణాల్లో యూఎఫ్‌సీ, జూఫ్రాన్ బ్రాండ్ల బనానా కెచప్ సీసాలు దొరికేవి. అయినా ఆతే సెలవు రోజున గదిలోనే కాచేది. కింద చెప్పే పద్ధతి ఆవిడదే. రంగు ఒక్కటి నా సొంతం.

అరకిలో గుజ్జు వచ్చేలా పండ్లు తీసుకుని, తొక్కతోనే ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పదిహేను, ఇరవై నిమిషాలు ఉడికించండి. ఉడికించకుండా పండు ఒలిచి మిక్సీలో వేస్తే గాలి తగిలి నిమిషాల్లో నల్లబడుతుంది. పండులో ఉండే ఒక ఎంజైమ్ చేసే పని అది. తొక్కలో ఉండగానే వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, గుజ్జు లేత పసుపుగానే ఉంటుంది. మూత పెట్టేశారుగా, అవి ఉడికేలోగా ఈ కెచప్ ఎలా పుట్టిందో చెప్తాను.

దీని వెనక ఉన్నావిడ పేరు మరియా ఒరోసా. ఊరు బటంగాస్ రాష్ట్రంలోని తాల్. మా ఆతేది కూడా ఆ రాష్ట్రమే కాబట్టి, ఒరోసా పేరెత్తితే సొంత మేనత్త గురించి చెప్తున్నట్టు చెప్పేది. ఒరోసా 1916లో అమెరికా వెళ్లి, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఫార్మసీ, ఫుడ్ కెమిస్ట్రీ చదివారు. సెలవుల్లో అలాస్కాలో చేపల్ని డబ్బాల్లో నింపే కార్ఖానాలో పనిచేశారు. 1922లో తిరిగొచ్చి మనీలాలో ప్రభుత్వ సైన్స్ బ్యూరోలో చేరారు. అప్పుడు ఫిలిప్పీన్స్ అమెరికా ఏలుబడిలో ఉంది. డబ్బాల్లో వచ్చే సరుకుతోపాటు టమాటా కెచప్ రుచి కూడా జనానికి అలవాటైంది. కానీ ఆ ఉక్కకీ వానలకీ టమాటా అంత బాగా పండదు. అరటి మాత్రం పెరటి పెరటికీ ఉంది. ఉన్నదాంతో చేసుకుంటే బయటి సరుకు కోసం ఎదురుచూడక్కర్లేదన్నది ఆవిడ లెక్క. కరెంటు లేని పల్లెల కోసం మట్టికుండ ఓవెన్ తయారుచేసింది కూడా ఆవిడే. బి1 విటమిన్ తక్కువై వచ్చే బెరిబెరి జబ్బుకి విరుగుడుగా తవుడుతో బిస్కెట్లు చేయించారు, సోయా చిక్కుళ్లతో సోయాలాక్ అనే పొడి చేశారు.

రెండో ప్రపంచ యుద్ధంలో, జపాన్ ఆక్రమణ రోజుల్లో ఒరోసా గెరిల్లాల్లో కెప్టెన్. మనీలాలోని సాంటో టోమాస్ యూనివర్సిటీని జపాన్ సైన్యం నిర్బంధ శిబిరంగా మార్చి, అమెరికన్లనీ ఇతర విదేశీయుల్నీ అందులో పెట్టింది. వాళ్లకి ఒరోసా సోయాలాక్, తవుడు పొడి బోలు వెదుళ్లలో దాచి రహస్యంగా పంపించారు. ఆ పొడులతోనే ప్రాణం నిలబెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆవిడ మాత్రం 1945 ఫిబ్రవరి 13న, మనీలా కోసం జరిగిన యుద్ధంలో పేలిన గుండు ముక్కలు తగిలి చనిపోయారు. మనీలాలో ఒక వీధికి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది.

మరి సీసాలో పోసి అమ్మిందెవరు? మగ్దాలో ఫ్రాన్సిస్కో. తన పేరూ ఇంటిపేరూ కత్తిరించి కలిపి మఫ్రాన్ అని బ్రాండు పెట్టాడు. 1938లో ఫార్ములా కనిపెట్టాడనీ, 1942లో వ్యాపారం మొదలుపెట్టాడనీ కోర్టు కాగితాల్లోనే ఉంది. 1960లో యూనివర్సల్ ఫుడ్ కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకున్నాడు, అయినా ఫార్ములా గుట్టు మాత్రం కంపెనీకి ఇవ్వలేదు. తర్వాత గొడవలొచ్చి, కేసు ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ట్రేడ్‌మార్కూ ఫార్ములా ఆయనకే తిరిగి ఇచ్చెయ్యమని 1970లో తీర్పు వచ్చింది. ఆవిడ గొప్పా ఆయన గొప్పా అనే వాదన నాకు అనవసరంగా తోస్తుంది. ల్యాబులో కుదిరిన వంటని ఊరూరి కొట్టుకీ చేర్చడం ఇంకో విద్య.

పండ్లు ఉడికాయి. తొక్క తీసి, నడిమి ఈనెలు కనిపిస్తే లాగేసి, మెత్తగా మెదపండి. ఓ పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క సన్నగా తరుక్కోండి. స్టీలు గిన్నే పెట్టండి. వెనిగర్ తగిలే వంట ఇది, అల్యూమినియం, ఇత్తడి వద్దు.

ఇప్పుడు రంగు. ఫ్యాక్టరీ సీసాల ఎరుపు ఫుడ్ కలర్‌దే. లేకపోతే ఈ కెచప్ గోధుమరంగులో ఉంటుంది. నేను జాఫ్రా గింజలు వాడతాను, మన్యం వైపు పండుతాయి. ఫిలిప్పీన్స్‌లోనూ ఇవే గింజల్ని అత్సువెతే అని కూరల్లో రంగుకి వేస్తారు. మూడు చెంచాల నూనెలో రెండు టీస్పూన్ల గింజలు సన్నసెగ మీద వేడిచేసి, నూనె ఎర్రబడగానే గింజలు తీసెయ్యండి. ఎక్కువసేపు ఉంచితే చేదొస్తుంది. ఆ నూనెలోనే ఉల్లి, వెల్లుల్లి, అల్లం మెత్తబడేదాకా వేయించి, ఒక టీస్పూన్ బ్యాడిగి కారం వేసి తిప్పండి. గుంటూరు కారం వేస్తే రుచి పచ్చడి వైపు తిరుగుతుంది.

గుజ్జు, గ్లాసు నీళ్లు, ముప్పావు కప్పు వెనిగర్, వంద గ్రాముల పంచదార, టీస్పూనున్నర ఉప్పు, పెద్ద చెంచా సోయాసాస్, మూడు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, కాస్త మిరియాల పొడి వేసి సన్నసెగ మీద కాచండి. వెనిగర్ సీసా మీద ఎసిటిక్ యాసిడ్ ఎంత శాతమో చూసుకోండి, నాలుగు కంటే తక్కువుంటే వద్దు. అక్కడ కొబ్బరి వెనిగర్, చెరకు వెనిగర్ వాడతారు, మనకి తెల్లది చాలు. చింతపండు వెయ్యొచ్చా అని మా వాళ్లంతా అడుగుతారు. వెయ్యొచ్చు, కానీ అప్పుడది చట్నీ. పైగా అరటిలో పులుపు తక్కువ కాబట్టి నిలవుండేది వెనిగర్ వల్లే. ఘాటుగా ఉందని కొలత తగ్గించకండి. టమాటా కూడా కలపొద్దు, టమాటా లేకుండా గడపడానికే కదా ఒరోసా అంత కష్టపడింది.

చిక్కబడ్డాక బుడగలు పైకి చిమ్ముతాయి, చెయ్యి కాలుతుంది, మూత ఓరగా పెట్టి కలుపుతూ ఉండండి. అరగంట పట్టొచ్చు. పళ్లెంలో ఓ చుక్క వేస్తే చుట్టూ నీరు విడిపోకుండా ఉండాలి. దించి, లవంగాలూ చెక్కా ఏరేసి, చల్లారాక మిక్సీ పట్టి వడకట్టండి. వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టిన గాజు సీసాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి ఘాటు సర్దుకుంటుంది. నేనైతే మూడు వారాల్లో అవగొట్టేస్తాను.

తినడానికి నాకు నచ్చింది తోర్తాంగ్ తలోంగ్. పొడుగు వంకాయ మంట మీద కాల్చి, తొడిమ ఉంచి తొక్క తీసి, ఫోర్కుతో వెడల్పుగా అణిచి, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి పెనం మీద వేయించడం. పక్కన వేడన్నం, ఈ కెచప్. వాళ్లయితే బార్బెక్యూ పుల్లల మీది మాంసానికీ పూస్తారు, పుట్టినరోజు స్పఘెట్టీ సాస్‌లోనూ పోస్తారు. ఖీమా, చక్రాలుగా కోసిన సాసేజీ, పైన తురిమిన చీజ్ వేసి తియ్యగా చేస్తారు దాన్ని. పిల్లలకి నచ్చుతుంది, నాకు రెండు ముద్దలకే మొహం మొత్తేది. మన పునుకుల్లోకి మాత్రం దీన్ని తేకండి, వాటికి అల్లం పచ్చడే సరి.