ఇంట్లో స్నేహితురాళ్ల కాక్‌టెయిల్ పార్టీ ఎలా చేయాలి? ఎనిమిది మందికి పూర్తి లెక్క

ఇంటికి పిలిచి చేసే పార్టీల్లో తరచూ జరిగే తప్పు ఒకటుంది. వచ్చినవాళ్లంతా మెరుపుల చీరలు, హీల్స్, జుంకాలతో హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. పిలిచినావిడ మాత్రం కొంగు బొడ్లో దోపుకుని స్టవ్ ముందు పకోడీలు వేయిస్తూ ఉంటుంది. ఫొటోల్లో కూడా ఆవిడ కనిపించదు. అలా కాకుండా, పిలిచినావిడ కూడా తయారై గ్లాసు పట్టుకుని అందరితో పాటు కూర్చోవాలంటే ఏది ఎప్పుడు చేసి పెట్టుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

లెక్కలన్నీ హైదరాబాద్‌లో ఒక మామూలు ఫ్లాట్‌కి, శనివారం రాత్రి 7 నుంచి 11 దాకా, మీతో కలిపి 8 మందికి. అందులో ఆరుగురు తాగేవాళ్లు, ఇద్దరు తాగనివాళ్లు అనుకుందాం.

వారం ముందు

వాట్సాప్ గ్రూపులో రోజు, టైము, డ్రెస్ కోడ్, రాత్రి భోజనం ఉంటుందన్న మాట చెప్పేయండి. డ్రెస్ కోడ్ కోసం ఎవరూ కొత్తగా కొనుక్కునే పని పెట్టొద్దు. "ఒంటి మీద ఏదో ఒకటి బంగారు రంగు ఉండాలి" అంటే చాలు. ఒకరు జరీ జాకెట్టుతో వస్తారు, ఇంకొకరు చెప్పులతో సరిపెడతారు. అందరూ కలిసి నిలబడితే మాత్రం ఒక జట్టులా కనిపిస్తారు.

ఎవరు తాగుతారు, ఎవరు తాగరు అన్నది గ్రూపులో అడగకండి. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టండి. తాగనని చెప్పినవాళ్లను ఎందుకని అడగొద్దు. మందులు వాడుతుండొచ్చు, కడుపుతో ఉండి ఇంకా ఎవరికీ చెప్పకపోయి ఉండొచ్చు, అసలు ఇష్టమే లేకపోవచ్చు. వాళ్లకి ఇచ్చే గ్లాసు కూడా అంతే అందంగా ఉండాలి. ఈ పద్ధతిలో దానికి విడిగా శ్రమ పడక్కర్లేదు, ఎలాగో కింద చూడండి.

రాత్రి మొత్తానికి మూడే డ్రింకులు: ముందు స్పార్క్లింగ్ వైన్ (బుడగలు వచ్చే వైన్), తర్వాత జామ-కారం, చివర ఫిల్టర్ కాఫీ మార్టినీ. బార్ మెనూలా పది రకాలు పెడితే పది సీసాలు కొనాలి, మీరు ఆ రాత్రంతా బార్‌టెండర్‌లా నిలబడాలి. కొనాల్సినవి ఇవే:

- స్పార్క్లింగ్ వైన్, 750 మి.లీ. సీసా ఒకటి. 120 మి.లీ. చొప్పున ఆరు గ్లాసులు వస్తాయి. నాసిక్‌లో చేసే సూలా బ్రూట్ బాగానే ఉంటుంది. 'బ్రూట్' అని రాసి ఉంటే తీపి తక్కువ.
- వోడ్కా, 750 మి.లీ. ఒకటి. మిగతా రెండు డ్రింకులకీ ఇదే.
- కాఫీ లిక్కర్ (కాఫీ రుచి ఉండే తియ్యటి మద్యం), దొరికిన చిన్న సీసా. మీకు కావలసింది 100 మి.లీ. లోపే.
- ఎర్ర జామ రసం లీటరు, సోడా ఆరు సీసాలు, నన్నారి షర్బత్ ఒక సీసా, నిమ్మకాయలు 15.

సీసాలు నాలుగు రోజుల ముందే తెచ్చుకోండి. పోలింగ్, నిమజ్జనం, గాంధీ జయంతి లాంటి రోజుల్లో షాపులు మూసేస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనీస వయసు 21. పక్క రాష్ట్రంలో చవకని అక్కణ్నుంచి తెప్పించే ఆలోచన మానుకోండి, దొరికితే కేసవుతుంది.

ముందు రోజు

పంచదార పాకం: 200 గ్రాముల పంచదార, 200 మి.లీ. నీళ్లు. కరిగేదాకా వేడి చేసి ఆపేయండి. మరిగిస్తే చిక్కబడి కొలత తప్పుతుంది. సుమారు 320 మి.లీ. వస్తుంది, ఫ్రిజ్‌లో రెండు వారాలుంటుంది. అలవాటున యాలకులు వేయకండి, ఈ మూడింటికీ అది నప్పదు.

గ్లాసులు: కూపే గ్లాసులంటే వెడల్పు నోరు, సన్నటి కాడ ఉండేవి, 180 మి.లీ. పట్టేవి, ఎనిమిది. ఫ్లూట్లు, అంటే పొడవుగా సన్నగా ఉండే వైన్ గ్లాసులు, ఎనిమిది. లేకపోతే కూపేల్లోనే వైన్ పోయొచ్చు, బుడగలు కాస్త తొందరగా పోతాయంతే. కొత్త గ్లాసులైనా సరే వేడి నీళ్లతో కడిగి, నూలు పోగులు అంటని బట్టతో తుడవండి. సబ్బు పొర మిగిలితే స్పార్క్లింగ్ వైన్‌లో నురుగు నిలవదు.

డ్రింకును ఐస్‌తో ఊపి కలిపే షేకర్ లేకపోతే స్టీలు ప్రొటీన్ షేకర్ సరిపోతుంది. వెడల్పు మూతి గాజు సీసా కూడా పనికొస్తుంది, కానీ ఒకప్పుడు ఆవకాయ పోసిన సీసా మాత్రం వద్దు. గాజు ఎంత తోమినా మూత లోపలి రబ్బరు రింగులో ఇంగువ, ఆవపిండి వాసన ఉండిపోతుంది. చల్లటి వోడ్కా ఆ వాసనను చక్కగా బయటికి లాగుతుంది. కొలతకి జిగ్గర్ (30, 60 మి.లీ. కొలిచే చిన్న కప్పు) లేకపోతే పిల్లల సిరప్ సీసా మీద వచ్చే గీతల మూతను శుభ్రంగా కడిగి వాడండి. కంటి కొలత వద్దు. చెయ్యి జారి 45 బదులు 70 పడితే రుచీ పోతుంది, మనిషీ తూలుతుంది.

ఐస్: అందరూ తక్కువ తెచ్చుకునేది ఇదే. మనిషికి కిలో చొప్పున 8 కిలోలు కావాలి. ఇంట్లో ఒక ట్రే తీస్తే వచ్చేది పావు కిలోనే. పైగా అల్లం వెల్లుల్లి ముద్ద, చేపల ప్యాకెట్లు ఉన్న ఫ్రీజర్‌లో ఐస్ ఆ వాసన పట్టుకుంటుంది. ప్యాకెట్ ఐస్ డెలివరీ యాప్‌లో ఆర్డర్ పెట్టి, సాయంత్రం 5 గంటలకు చేరేలా చూసుకోండి. బిర్యానీకి వాడే పెద్ద హాట్‌ప్యాక్ ఐస్‌ని కూడా అంతే బాగా కాపాడుతుంది. అడుగున చిన్న జల్లెడ బోర్లించి దాని మీద ఐస్ పోయండి, కరిగిన నీళ్లు కిందికి దిగిపోతాయి. నీళ్లలో నానిన ఐస్‌తో షేక్ చేస్తే డ్రింకు పలచనైపోతుంది. ఇంట్లో చేసిన కాక్‌టెయిల్ "ఏదో నీళ్లలా ఉంది" అనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

ఆ రోజు మధ్యాహ్నం

స్పార్క్లింగ్ వైన్ కనీసం 3 గంటలు ఫ్రిజ్‌లో పడుకోవాలి. మర్చిపోతే ఐస్, నీళ్లు, గుప్పెడు కళ్లుప్పు కలిపిన బకెట్లో అరగంట ముంచండి. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే మాత్రం సీసా పగలొచ్చు.

ఇప్పుడు రెండు కలుపులు, అంటే ముందే కలిపి ఉంచుకునే మిశ్రమాలు, తయారు చేసుకోవాలి. వీటిలో వోడ్కా వేయకూడదు, అది షేకర్‌లో చివర కలుస్తుంది. తాగనివాళ్లకీ ఇదే జగ్గులోంచి పోయడం కుదిరేది అందుకే.

జామ కలుపు, 10 గ్లాసులకు: జామ రసం 600 మి.లీ., నిమ్మరసం 150, పంచదార పాకం 100. మన చిన్న నిమ్మకాయ ఒకటి పిండితే సుమారు 15 మి.లీ. వస్తుంది కాబట్టి పది కాయలు. చివరి చుక్క దాకా తొక్కను నలిపేయకండి, చేదు దిగుతుంది. పాకం సగం పోసి రుచి చూడండి, ప్యాకెట్ రసాల్లో ముందే తీపి ఉంటుంది. ఒక పచ్చిమిరపకాయ చీల్చి, గింజలు తీసి అందులో వేసి సరిగ్గా 20 నిమిషాలకు తీసేయండి. మర్చిపోతే సాయంత్రానికి ఎవరూ తాగలేరు. మద్యంతో కలిస్తే నోట్లో మంట ఇంకా పెరుగుతుంది.

కాఫీ: మన మూడో డ్రింకుకి మూలం ఎస్‌ప్రెసో మార్టినీ, అంటే వోడ్కా, చిక్కటి కాఫీ కలిపి ఊపిన కాక్‌టెయిల్. అది 1980ల్లో లండన్‌లో డిక్ బ్రాడ్‌సెల్ అనే బార్‌టెండర్ చేతిలో పుట్టింది. మనకి ఎస్‌ప్రెసో యంత్రం అక్కర్లేదు, వంటింట్లో ఇత్తడిదో స్టీలుదో ఫిల్టరు ఉంటే చాలు. పెద్ద ఫిల్టరులో 60 గ్రాముల పొడి వేసి 400 మి.లీ. మరిగే నీళ్లు పోస్తే సుమారు 280 మి.లీ. మొదటి డికాక్షన్ దిగుతుంది. రెండోసారి నీళ్లు పోసి తీసినది కలపొద్దు. పూర్తిగా చల్లారనివ్వండి. వెచ్చగా ఉండగా షేక్ చేస్తే ఐస్ సగం అందులోనే కరిగిపోతుంది.

తినడానికి: పార్టీ సమయంలో నూనె మూకుడు స్టవ్ మీద ఉండకూడదు. ఫ్లాట్‌లో ఒక వాయి మిర్చి బజ్జీ వేస్తే ఆ వాసన కర్టెన్లకీ, అందరి జుట్టుకీ పడుతుంది. చల్లారినా బాగుండేవి, మరోసారి వేడి చేసుకునేవి చూసుకోండి. బటన్ ఇడ్లీలు నెయ్యి, కారప్పొడిలో దొర్లించి పుల్లలకు గుచ్చినవి మనిషికి నాలుగు. వేయించిన పల్లీల్లో ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలిపినవి అర కిలో (ఉల్లిపాయ చివరి నిమిషంలో కలపాలి, లేకపోతే పల్లీ మెత్తబడుతుంది). అపోలో ఫిష్, పనీర్ మెజెస్టిక్ బయటి నుంచి తెప్పించుకోండి, తలా ఐదారు ముక్కలు వచ్చేలా. కారం కొంచెం తగ్గించమని చెప్పండి.

గది: ట్యూబ్‌లైటు ఆపేయండి. దాని కింద ఎంత మంచి మేకప్ అయినా పాలిపోతుంది. 2700 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు వెలుతురు బల్బులు రెండు మూడు దీపాలకు పెట్టి, కూర్చున్నప్పుడు ముఖం ఎత్తుకు వచ్చేలా ఉంచండి. పైనుంచి పడే వెలుతురు కళ్ల కింద నీడలు చేస్తుంది. బల్ల మీద పోచంపల్లి ఇక్కత్ దుపట్టా పరిచి, మధ్యలో ఇత్తడి ఉరుళిలో నీళ్లు పోసి తేలే దీపాలు వదిలితే వెలుతురంతా గ్లాసుల్లోకి వస్తుంది. అగరొత్తులు, సెంటు కొవ్వొత్తులు వద్దు. డ్రింకు రుచిలో సగం దాని వాసనే, గది ఘాటుగా ఉంటే అది తెలియదు.

6 గంటలకు తయారవ్వడం మొదలుపెట్టండి. అప్పటికి కాని పని ఏదైనా ఉంటే వదిలేయండి. కూపే గ్లాసులు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టి వెళ్లండి.

7 గంటలకు: వచ్చిన వెంటనే చేతికి

సీసా తీసేటప్పుడు వైరు విప్పి, బొటనవేలు బిరడా మీదే ఉంచి, సీసాను 45 డిగ్రీలు వంచండి. బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి, బిరడాను కాదు. టప్పున పేలకుండా చిన్న నిట్టూర్పులా గాలి వదలాలి. పేలితే అర గ్లాసు నేల మీదే పోతుంది, ఎదుట ఎవరైనా ఉంటే కంటికి ప్రమాదం కూడా. ఫ్లూట్‌లో నాలుగు దానిమ్మ గింజలు వేసి 120 మి.లీ. పోయండి, కెంపుల్లా మెరుస్తాయి.

తాగనివాళ్లకు అదే ఫ్లూట్‌లో నన్నారి 20 మి.లీ., నిమ్మరసం 10, బాగా చల్లటి సోడా 100. కోస్తాలో సుగంధి అనేది ఇదే. తేనె రంగులో బుడగలతో నిలబడుతుంది. పక్కన పెట్టి చూస్తే, చాలాసార్లు వైన్ పట్టుకున్నవాళ్లే "నాకూ అది ఒకటి" అంటారు. సోడా మాత్రం కొత్తగా తెరిచినదే పోయండి.

8.15కి: జామ-కారం

ఉప్పు రెండు చెంచాలు, పంచదార ఒకటి, కారం అర చెంచా కలిపి పళ్లెంలో పోయండి. గ్లాసు అంచుకి సగం వరకే, బయటి వైపు మాత్రమే నిమ్మ చెక్క రాసి అందులో దొర్లించండి. లోపలి వైపు అంటితే ఉప్పు డ్రింకులో పడుతుంది. చుట్టూరా అద్దితే ఉప్పు వద్దనుకున్నవాళ్లకి పెదవి పెట్టే చోటే ఉండదు.

ఒకసారికి రెండు గ్లాసులే చేయండి. షేకర్‌లో జామ కలుపు 170 మి.లీ. (అడుగున గుజ్జు పేరుకుంటుంది, జగ్గు కలియబెట్టి పోయాలి), వోడ్కా 90, మూడొంతులు ఐస్. మూత బిగించి 15 సెకన్లు గట్టిగా ఊపండి. స్టీలు మీద తెల్లటి మంచు పట్టి, వేళ్లు జివ్వుమంటే అయినట్టే. వడకట్టి పోయండి. తాగనివాళ్లకు వోడ్కా లేకుండా 85 మి.లీ. కలుపు ఊపి, అదే ఉప్పు అంచు గ్లాసులో పోసి పైన సోడా నింపండి. సోడాను ఎప్పుడూ షేకర్‌లో వేయొద్దు, మూత ఎగిరిపోతుంది.

మరీ పుల్లగా వస్తే పాకం ఒక చెంచా, మరీ తియ్యగా వస్తే నిమ్మరసం అర చెంచా. రెండూ ఒకేసారి సవరించబోతే దారి తప్పుతారు.

ప్రతి డ్రింకుకీ మధ్య ఒక పెద్ద గ్లాసు నీళ్లు. బల్ల మీద జగ్గు పెట్టి ఊరుకోకండి, పోసి చేతికివ్వండి.

9.30కి: ఫిల్టర్ కాఫీ మార్టినీ

ఒక గ్లాసుకి వోడ్కా 45 మి.లీ., డికాక్షన్ 30, కాఫీ లిక్కర్ 15, పాకం 10. ఇది ఇంకా గట్టిగా, 20 సెకన్లు ఊపాలి, పైన నురుగు దానివల్లే వస్తుంది. వడకట్టి అర నిమిషం కదపకుండా ఉంచితే నురుగు తేరుకుంటుంది, అప్పుడు మూడు కాఫీ గింజలు దాని మీద నిలుస్తాయి. తాగనివాళ్లకు డికాక్షన్ 40, చల్లటి పాలు 40, పాకం 20 ఊపి పోయండి. కాఫీతో నిద్ర పట్టనివాళ్లు ఉంటే వాళ్లకి రెండోసారి జామే ఇవ్వండి. వోడ్కా సీసాలో ఇంకా 200 మి.లీ. దాకా మిగిలే ఉంటుంది. అయితే అది నాలుగో రౌండుకు కాదు. 42.8 శాతం ఉండే మన వోడ్కా 45 మి.లీ. అంటే సుమారు 15 గ్రాముల ఆల్కహాల్. శరీరం దాన్ని వదిలించుకోవడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. మూడు గ్లాసులతో ఆపేసి సీసాను బీరువాలో పెట్టేయండి.

ఫొటోలు 8 గంటల లోపు, మేకప్ చెదరకముందే తీసుకోండి. ఇన్‌స్టాలో పెట్టేముందు ఫొటోలో ఉన్న ప్రతి ఒక్కరినీ అడగాలి. ఆఫీసు వాళ్లు, అత్తగారింటి వాళ్లు చూస్తారన్న భయం కొందరికి నిజంగానే ఉంటుంది. గ్లాసుల్లేని గ్రూపు ఫొటో ఒకటి అందరి కోసం తీసి ఉంచండి.

10 గంటల తర్వాత

పాటల సౌండు తగ్గించేయండి. రాత్రి 10 దాటితే చట్టం కూడా అదే చెబుతుంది, పక్క ఫ్లాటువాళ్లతో రేపు కూడా ముఖాలు చూసుకోవాలి. భోజనం తేలిగ్గా ఉండాలి: దానిమ్మ గింజలు, క్యారెట్ తురుము వేసి తాలింపు పెట్టిన పెరుగన్నం గిన్నెల్లో, పక్కన మజ్జిగ మిరపకాయలు. పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కాకపోతే పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేయాలి, రాత్రికి పులవకుండా.

10.30కే క్యాబులు బుక్ చేయడం మొదలుపెట్టండి, శనివారం 11 దాటితే దొరకడం కష్టం. తాగినవాళ్లెవరూ స్టీరింగ్ పట్టకూడదు. వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే నేరం, పైన చెప్పిన మూడు గ్లాసుల తర్వాత 11 గంటలకు కూడా అంతకు మించి ఉండే అవకాశం ఎక్కువ. బండి మీ పార్కింగ్‌లోనే ఉండనివ్వండి. ఒకరిద్దరు ఉండిపోయినా ఇబ్బంది లేకుండా పరుపు, దుప్పటి, ఒక నైటీ ముందే తీసి పెట్టండి. వెళ్లినవాళ్లు ఇంటికి చేరినట్టు మెసేజ్ పెట్టేదాకా ఫోను దగ్గరే ఉంచుకోండి.

ఆ రాత్రి గ్లాసులు తోమకండి. సన్నటి కాడలు సబ్బు చేతిలో, నిద్ర కళ్లతో విరిగేది అప్పుడే. నీళ్లతో తొలిచి, సింకులో పాత తువ్వాలు పరిచి దాని మీద పడుకోబెట్టి వెళ్లి పడుకోండి.