పగిలిన డ్యాష్‌బోర్డుకు నూగు పూత

ఏళ్ల తరబడి ఎండకు ఎండి నా పాత కారు డ్యాష్‌బోర్డు మూడుచోట్ల నెర్రెలు బారింది. విప్పి బయటికి తీసి, సబ్బునీటితో కడిగి ఆరబెట్టాను.

అసలు పనంతా పగుళ్ల దగ్గరే. పైపైన పూడిస్తే మళ్లీ విచ్చుకుంటాయి. అందుకే ప్రతి పగులు కొసన సన్నని రంధ్రం వేసి, అంచులు ఏటవాలుగా చెక్కి, ఆరాక కూడా కాస్త వంగే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు)తో నింపాను. కళ్లు మూసుకుని వేలితో తడిమినా అతుకు తగలనంతవరకు గరుకు కాగితంతో రుద్దాను. ఇక్కడ తొందరపడకండి, చిన్న గట్టు మిగిలినా పూతలోంచి కనిపిస్తుంది.

తర్వాత నల్ల జిగురు రాసి, తడి ఆరకముందే మిల్లీమీటరు పొడవు కూడా లేని నల్లటి నైలాన్ నూగును, అంటే సన్నని పోగుల ముక్కలను, దట్టంగా చల్లాను. జిగురు, నూగు ఒకే రంగులో ఉండాలి. ఒక రోజు కదపకుండా ఉంచి, మిగులు నూగును మెత్తని బ్రష్షుతో దులిపాను.

ఈ పూత వల్ల ఇప్పుడు ఎదురెండలోనూ ముందు అద్దంలో డ్యాష్‌బోర్డు ప్రతిబింబం కనబడటం లేదు.