ఇంట్లో ఫోటో సర్వర్ పెట్టుకోవడం, ఆగిపోతే సరిచేసుకోవడం ఎలా?

పోయిన నవంబర్‌లో ఒక రాత్రి చిత్తూరులో తమ్ముడింటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "నాయనా, పాప ఫోటోలు ఒక్కటీ కనపడడం లేదు. ఏమైందో చూడు" అంది. ఆ సాయంత్రం మా తిరుపతిలో గాలివాన. కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. మా కుటుంబం పన్నెండేళ్ల ఫోటోలన్నీ కొర్లగుంటలోని మా ఇంట్లో, టీవీ స్టాండు కింద ఉన్న ఒక పాత ల్యాప్‌టాప్‌కి తగిలించిన డిస్కులో ఉన్నాయి. నా గుండె జారిపోయింది.

ఫోటోలు పోలేదు. కానీ ఆ రాత్రి నేర్చుకున్నది చాలా ఉంది. అందుకే ఇలాంటి సర్వర్, అంటే ఫోటోలు దాచి ఇంట్లోవాళ్ల ఫోన్లకు చూపించే కంప్యూటర్, పెట్టడం గురించి కొంచెం, అది ఆగితే ఏం చేయాలో ఎక్కువగా రాస్తున్నాను.

2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఉచిత అన్‌లిమిటెడ్ స్టోరేజ్ ఆగిపోయింది. మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ మాత్రమే ఉచితం. నెలనెలా డబ్బు కట్టడం ఇష్టం లేకపోయినా, పిల్లల ఫోటోలు మన ఇంట్లోనే ఉండాలనిపించినా ఫోన్‌లోని ఫోటోలను మన సొంత కంప్యూటర్‌లో దాచి చూపించే ఇమ్మిచ్ (Immich) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చక్కగా పనికొస్తుంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌తో అది స్టేబుల్ అయింది.

ముందు సామాను

8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. దానిలోని బ్యాటరీ మనకు యూపీఎస్‌లా పనిచేస్తుంది, అందుకే డెస్క్‌టాప్ కంటే నాకు ల్యాప్‌టాపే ఇష్టం. అయితే బ్యాటరీ ఉబ్బిందేమో తప్పకుండా చూడండి. ఉబ్బి ఉంటే వాడొద్దు, మెకానిక్ దగ్గర తీయించేయండి. సగటున 15 వాట్లు తీసుకుంటుందనుకుంటే నెలకు సుమారు 11 యూనిట్లు కాలుతుంది.

ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక ల్యాన్ కేబుల్ కూడా కావాలి. వైఫైతో పని జరుగుతుంది కానీ, తేడా వచ్చినప్పుడు వెతకాల్సిన చోటు ఒకటి పెరుగుతుంది. బీరువాలోనో మూసిన అరలోనో పెట్టకండి. మే నెలలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి ఆడకపోతే ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంది.

పెట్టడం

ఉబుంటు సర్వర్ అనే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేయండి. మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోకుండా లాగిన్‌డీ సెట్టింగుల ఫైల్‌లో (logind.conf) 'హ్యాండిల్ లిడ్ స్విచ్' (HandleLidSwitch) విలువను 'ఇగ్నోర్' (ignore) అని మార్చాలి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 (ext4) పద్ధతిలో ఫార్మాట్ చేయండి. చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందే వేరేచోటికి తీసి పెట్టుకోండి.

తర్వాత డాకర్ (ఒక సాఫ్ట్‌వేర్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి ఒక పెట్టెలా నడిపే ప్రోగ్రాం) ఇన్‌స్టాల్ చేసి, ఇమ్మిచ్ సైట్‌లో ఇచ్చే రెండు ఫైళ్లు దించుకోవాలి. ఫోటోలు ఎక్కడ దాచాలో, డేటాబేస్ (ఫోటోల వివరాలు రాసి ఉండే జాబితా) పాస్‌వర్డ్ ఏమిటో వాటిలో ఒకదానిలో రాస్తాం. ఫోటోలు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, డేటాబేస్ ల్యాప్‌టాప్ లోపలి డిస్క్‌లో ఉంచండి. డాకర్ కంపోజ్ కమాండ్‌తో స్టార్ట్ చేశాక, బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), దాని పక్కన కోలన్ పెట్టి 2283 అనే పోర్టు నంబరు కొడితే ఇమ్మిచ్ పేజీ తెరుచుకుంటుంది. మొదట ఎవరు అకౌంట్ చేస్తే వాళ్లే అడ్మిన్.

ఆ వెంటనే రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ల్యాప్‌టాప్‌కి ఒకే ఐపీ ఎప్పటికీ దక్కేలా రిజర్వ్ చేయండి. దాని పేరు డీహెచ్‌సీపీ రిజర్వేషన్. మాది 192.168.1.50. ఈ ఒక్క పని వదిలేస్తే కరెంటు పోయి వచ్చినప్పుడు ఐపీ మారిపోవచ్చు, ఫోన్‌లోని యాప్ పాత ఇంటికే వెళ్లి తలుపు కొడుతూ ఉంటుంది.

ఊరు దాటాక కూడా ఫోటోలు కనపడాలంటే చాలామంది రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి వచ్చే దారి, తెరవమంటారు. నేను వద్దంటాను. ఇంటి తలుపు ఊరందరికీ తెరిచినట్టే. పైగా చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి. రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రౌటర్ అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అలాంటిదే, అక్కడ పోర్ట్ తెరిచినా పనిచేయదు. దాని బదులు ల్యాప్‌టాప్‌లోనూ, ఇంట్లోవాళ్ల ఫోన్లలోనూ టెయిల్‌స్కేల్ (మన పరికరాలను ఎక్కడున్నా ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే యాప్) వేసుకుని ఒకే అకౌంట్‌కి కలపండి. సొంత వాడకానికి ఉచితం. టెయిల్‌స్కేల్ ఇచ్చే ఐపీనే అమ్మ ఫోన్‌లోని యాప్‌లో పెట్టాను.

ఆగిపోతే

ఆ రాత్రి నేను కంగారులో ముందు రౌటర్‌ని రీసెట్ చేశాను. దాంతో ఐపీ రిజర్వేషన్ కూడా పోయింది. ఉన్నది ఒక సమస్య, నా చేత్తో రెండోది తెచ్చుకున్నాను. ఇప్పుడు ఒకటే పద్ధతి: దగ్గర నుంచి దూరానికి వెతకడం, ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చింది నోట్‌బుక్‌లో రాయడం.

ముందు ల్యాప్‌టాప్ లైటు వెలుగుతోందా చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే కరెంటు వచ్చినా చాలా ల్యాప్‌టాప్‌లు వాటంతటవి ఆన్ కావు, బటన్ నొక్కాల్సిందే. కొన్నింటి బయాస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడే తెరవగలిగే సెట్టింగులు) ఛార్జర్ పెట్టగానే ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది. తర్వాత ల్యాన్ కేబుల్ దగ్గరి చిన్న లైటు. తర్వాత ఇంట్లోని ఫోన్ నుంచి 192.168.1.50:2283 పేజీ. ఇంట్లో తెరుచుకుని బయట తెరుచుకోకపోతే తప్పు సర్వర్‌ది కాదు, ఇంటర్నెట్‌దో టెయిల్‌స్కేల్‌దో.

ఆ రాత్రి మా ఇంట్లో కూడా పేజీ తెరుచుకోలేదు. డాకర్ లాగ్స్ (ఏం జరిగిందో అది రాసుకునే చిట్టా) తీసి చూస్తే ఫోటోల ఫోల్డర్‌లో ఉండాల్సిన ఫైల్ దొరకడం లేదని వరసగా రాసి ఉంది. డిస్కులన్నిటినీ చూపించే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్ కొట్టాను. డిస్క్ పేరు ఉంది, దాని ఎదురుగా మౌంట్ పాయింట్ (ఆ డిస్క్ ఏ ఫోల్డర్‌గా తెరుచుకుంటుందో ఆ పేరు) ఉండాల్సిన చోట ఖాళీ. అంటే డిస్క్ బాగానే ఉంది, సిస్టమ్ దాన్ని తగిలించుకోలేదు, అంతే. చేత్తో మౌంట్ చేసి ఇమ్మిచ్ రీస్టార్ట్ చేస్తే పాప ఫోటోలన్నీ వరసగా వచ్చేశాయి. మళ్లీ అలా కాకుండా, ఆన్ అవగానే ఏ డిస్కులు తగిలించుకోవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ (fstab) ఫైల్‌లో డిస్క్ యూయూఐడీ (UUID, ఆ డిస్క్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) రాసి పెట్టాను. సిస్టమ్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ (sda), ఎస్‌డీబీ (sdb) లాంటి పేర్లు రాయకండి, అవి మారుతుంటాయి.

ఫోటోల కొత్త అప్‌లోడ్ మాత్రమే ఆగితే ఫోన్‌లోని బ్యాటరీ సేవింగ్‌ని అనుమానించండి. ఇమ్మిచ్ యాప్‌కి ఆ ఆంక్ష తీసేయాలి. అప్పటికీ కాకపోతే ల్యాప్‌టాప్ డిస్క్ నిండిందేమో చూడండి, చోటు లేకపోతే డేటాబేస్ ఆగిపోతుంది.

రౌటర్‌కి మినీ యూపీఎస్ ఒకటి కొనండి. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందో 9 అని ఉందో, ఎన్ని ఆంపియర్లో చదివి దానికి సరిపోయేదే తీసుకోవాలి. ఫైబర్ బాక్సు వేరుగా ఉంటే దానికీ కరెంటు కావాలని మరిచిపోకండి.

ఇంకో కాపీ

ఒక్క డిస్క్‌ని నమ్ముకుంటే మాత్రం ఇదంతా చేయకండి. ఇమ్మిచ్ రోజూ రాత్రి 2 గంటలకు డేటాబేస్ కాపీ తీసి ఫోటోల పక్కనే బ్యాకప్స్ ఫోల్డర్‌లో పెడుతుంది, కానీ అది ఫోటోల కాపీ కాదు. ఫోటోల ఫోల్డర్ మొత్తాన్ని నేను నెలకోసారి రెండో డిస్క్‌లోకి ఎక్కిస్తాను. చిత్తూరు వెళ్లేటప్పుడు దాన్ని సంచిలో వేసుకుని తమ్ముడింట్లో పెట్టి, అక్కడున్న డిస్క్ తెస్తాను. తెచ్చిన రోజే దాన్ని లైనక్స్ ఉన్న ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, పాప మొదటి పుట్టినరోజు ఫోటో ఒకటి తెరిచి చూస్తాను. అది తెరుచుకున్నాకే దాని మీదికి కొత్త కాపీ ఎక్కిస్తాను.