లాస్ వేగస్‌లో రాత్రి, గ్రాండ్ కాన్యన్‌లో పగలు: ఆర్‌వీతో బయలుదేరే ముందు జాగ్రత్తలు

ఆర్‌వీని, అంటే లోపలే పడక, వంట వసతి ఉండే ఇల్లులాంటి బండిని, నగరం అంచునున్న ఆర్‌వీ పార్కులో నిలిపి, కరెంటు, నీటి కనెక్షన్లు సరిచూసి, కసినోలు వరుసగా ఉండే స్ట్రిప్ వీధికి ట్యాక్సీలోనే వెళ్ళాలి. అంత పొడవైన బండికి అక్కడి రద్దీ తగదు. మద్యం తాగిన రాత్రి స్టీరింగ్ పట్టుకునే అవసరమే రాకూడదు.

21 ఏళ్ళు నిండనివారికి జూదం, మద్యం నిషిద్ధం కనుక వయసు చూపే అసలు గుర్తింపు పత్రం దగ్గర ఉంచుకోవాలి.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచైన సౌత్ రిమ్ లాస్ వేగస్‌కు సుమారు 280 మైళ్ళు. అర్ధరాత్రి దాటేదాకా మేలుకొని తెల్లవారుజామున ఆ దూరం నడపడం నిజంగా ప్రమాదకరం. మధ్యలో ఒక పూట నిద్రకు కేటాయించి తీరాలి. బయలుదేరే ముందు టైర్ల గాలి, నీటి ట్యాంకు, గ్యాస్ వాల్వు చూసుకోవాలి. హూవర్ డ్యామ్ దగ్గర ఆగదలిస్తే బండిని తనిఖీ చేస్తారు.

గ్రాండ్ కాన్యన్ ఉన్న అరిజోనాలో అధిక భాగం వేసవికి గడియారం మార్చదు. అందువల్ల చలికాలంలో అక్కడి సమయం లాస్ వేగస్ ఉన్న నెవాడా కంటే గంట ముందుంటుంది.

సౌత్ రిమ్‌లోని మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులు మించిన బండ్లకు చోటు లేదు, కరెంటు కనెక్షనూ ఉండదు. అవి కావాలంటే అక్కడే ఉన్న ట్రైలర్ విలేజ్ అనే ఆర్‌వీ పార్కులో ముందుగా స్థలం రిజర్వు చేసుకోవాలి.

రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉన్నందున, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను వెంట తీసుకెళ్ళేవారు స్వెటర్లు, మందులు మరువరాదు. లోయలోకి దిగేవారు ఒకే రోజులో నది దాకా వెళ్ళి తిరిగి రావాలని ఎంతమాత్రం ప్రయత్నించకూడదు.