కత్తి పీకుతోందా? సానరాయి తీసేముందు ఇవి చూడండి

మొద్దుబారిందని చెప్పి నా దగ్గరికి తెచ్చే మంగలికత్తుల్లో చాలావాటికి పదును బాగానే ఉంటుంది. గొంతు దగ్గర మంట పుట్టినా, వెంట్రుక పీకినా అందరి చెయ్యీ ముందు సానరాయి మీదికే పోతుంది. దయచేసి ఆగండి. సాన పెట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది, చెయ్యి తిరగనివాళ్లు పెడితే ఉన్న పదును కూడా పోతుంది. కింద పడని కత్తి, కుళాయికి తగలని కత్తి రాత్రికి రాత్రి మొద్దుబారదు. కాబట్టి మొదట చూడాల్సింది, పోయినసారి హాయిగా గీసుకున్నప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం మారిందని. గీసుకునే వేళ, స్నానం, సబ్బు, ఉన్న చోటు, మధ్యలో వదిలేసిన రోజులు, అన్నీ ఒకసారి గుర్తు చేసుకోండి.

మొదటి గీతకే పీకుతోంది

స్నానం తర్వాత గీసుకునేవాళ్లు తొందరలో స్నానానికి ముందే మొదలుపెట్టి ఉంటారు. గడ్డం వెంట్రుక నీళ్లు పీల్చి మెత్తబడడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, మొహాన నాలుగు చుక్కలు చల్లుకుంటే చాలదు. సబ్బుతో జిడ్డు కడిగి, తడిగుడ్డ కాసేపు గడ్డం మీద ఉంచి, నురగ పట్టించి ఒక నిమిషం ఆగి గీయండి.

అప్పటికీ పీకుతుంటే తోలు పట్టీ మీద ఎలా తీస్తున్నారో చూసుకోండి. హడావిడిలో తిప్పేటప్పుడు కత్తి వీపు తోలు మీంచి లేస్తుంది, అంచు గుండ్రబడుతుంది. వేగంగా అరవైసార్లు తీసేకంటే వీపు ఆనించి నెమ్మదిగా ముప్ఫైసార్లు తీయడం మేలు.

కొన్ని రోజులు వదిలేశాక

పెరిగిన వెంట్రుక వాలిపోతుంది, నురగ దాని అడుగుదాకా చేరదు. ఆ రోజుకు మొలిచిన దిశలోనే చిన్న చిన్న గీతలు గీయండి, ఎదురు గీత వద్దు. వారం దాటితే ముందు ట్రిమ్మర్‌తో పొట్టి చేసుకోండి. రోజు విడిచి రోజు గీసేవాళ్లు రోజూ గీయడం మొదలుపెట్టినా మంట వస్తుంది, చర్మం తేరుకునే వ్యవధి ఉండదు కనుక. అలవాటయ్యేదాకా ఒకే వరస చాలు.

అన్నీ పాతవే, అయినా సగంలో మంట మొదలవుతోంది

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. మొదటి చెంప బాగానే తెగుతుంది. గడ్డం కిందికి వచ్చేసరికి కత్తి పట్టిపట్టి నడుస్తుంది. నురగ చూడడానికి ఎప్పటిలాగే పొంగి ఉంటుంది, కానీ వేలితో రాస్తే జారుడు ఉండదు. రెండో చెంప మీద ఆరిపోయి పొరలా కనిపిస్తుంది. బ్రష్ కడిగినా జిగట వదలదు.

కారణం నీళ్లు. ఇల్లు మారినా, ప్రయాణంలో ఉన్నా, ఇంటికి వచ్చే నీళ్లు వేరే చోటి నుంచి వస్తున్నా కాఠిన్యం మారిపోతుంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెల్లటి మడ్డిగా మారతాయి. సబ్బులో కొంత భాగం ఆ మడ్డికే ఖర్చవుతుంది, మిగిలినదానితో వచ్చే నురగలో గాలే ఎక్కువ. రోజూ వాడే నీళ్లను ఎవరూ తమ అలవాట్ల లెక్కలో వేసుకోరు, అందుకే నేరం కత్తి మీద పడుతుంది. సాన పెడతారు, తోలు మారుస్తారు, చివరికి సబ్బు మారుస్తారు. కఠిన జలాన్ని తట్టుకునే పదార్థాలు ఆ కొత్త సబ్బులో ఉంటే బాగైపోతుంది, అసలు కారణం మాత్రం తెలియదు.

పరీక్ష తేలిక. అరకప్పు డిస్టిల్డ్ వాటర్ తీసుకుని బ్రష్ అందులోనే నానబెట్టి, అదే సబ్బు, అదే కత్తితో గీసుకోండి. వేరే ఏదీ మార్చకండి. హాయిగా తెగిందంటే దొంగ దొరికినట్టే. ఇకమీదట నురగ వరకు ఆ నీళ్లే వాడండి, అరకప్పు సరిపోతుంది. అవి దొరకనిచోట బ్రష్‌కు సబ్బు మామూలు కంటే దాదాపు రెట్టింపు సేపు పట్టించి, నీళ్లు చుక్కచుక్కగా కలపండి. కాచి చల్లార్చి పైతేట తీసుకుంటే కొంత ఉపయోగం ఉంటుంది గానీ, తాత్కాలిక కాఠిన్యమే పోతుంది, శాశ్వత కాఠిన్యం అలాగే ఉంటుంది. నిమ్మ ఉప్పు చిటికెడు వేసేవాళ్లున్నారు. కాస్త ఎక్కువైతే నురగే విరిగిపోతుంది, నేను చెప్పను.

రెండు పనులు మర్చిపోకండి. బ్రష్‌ను వెనిగర్ కలిపిన పలచటి నీళ్లలో కాసేపు ఉంచి బాగా కడిగితే పేరుకున్న మడ్డి వదులుతుంది. కత్తిని కడిగి పూర్తిగా తుడిచాకే తోలు మీద పెట్టండి, లేకపోతే ఎండిన మడ్డి తోలుకు ఎక్కుతుంది, అక్కడి నుంచి ప్రతిసారీ అంచు మీదికే వస్తుంది.

నెలల తర్వాత తీసిన కత్తి

కార్బన్ స్టీల్ తేమగా ఉన్న స్నానాలగదిలో ఊరికే తుప్పు పడుతుంది. అంచు మీద మచ్చలుంటే సాన తప్పదు. లేకపోతే తోలు చాలు. వాడకం ఆపేటప్పుడు తుడిచి, పలచగా నూనె రాసి, పొడిగా ఉన్నచోట పెట్టండి.

ఇక అరుదైనవి. అంచు చిట్లిందన్న అనుమానముంటే దూది మెల్లగా తాకించండి, పోగులు తగులుకుంటే సాన పెట్టించాల్సిందే. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవాళ్లకు చర్మం తేలిగ్గా చిరుగుతుంది. మందు వాడకం పూర్తయి చర్మం మళ్లీ గట్టిపడేదాకా ఈ కత్తి పక్కన పెట్టి, ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోండి.